పసి ముఖాలను నిలిపిన రాజా దీన్‌దయాళ్



ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు తప్పించుకోవాలనే చూశాను. నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో గుమాస్తాగా బిల్లులు, రిజిస్టర్లు రాసిన చేయి నాది. చివరకు, మనలాగే ప్రభుత్వ కొలువులో లెక్కలు వేసి, ఆ తరువాత కెమెరా పట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్న ఒక పెద్దమనిషి గుర్తుకొచ్చారు. ఆయన రాజా దీన్‌దయాళ్. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకులు. 1905లో గతించారు.

రాజుల ఫోటోలు, కోటల ఫోటోలు తీసినవాడిగానే ఆయన్ను అందరూ చెప్పుకుంటారు. నేను మాత్రం ఆయన తీసిన చిన్నపిల్లల ఫోటోల వైపు నుంచి ఆయన దగ్గరికి వెళ్లాను. అందుకు మా ఇంట్లోని ఒక పాత ఫోటో కారణం. ముందు ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పి, తరువాత ఆయన జీవితంలోకి వస్తాను.

మా ఇంటి ఫోటో

మా అమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే, పట్టుచీర మడతలో అట్టకు అతికించిన ఒక ఫోటో దొరికింది. మూడు నాలుగేళ్ల బిడ్డ. పావడ, రవిక, ముందుకు వేసిన పూలజడ, నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క. వెనక మేడమెట్లు, పూలకుండీ గీసిన తెర. ఒక చేయి కుర్చీ కోడు మీద ఉంది. వెనక్కి తిప్పితే పేరు లేదు, తేదీ లేదు. కర్నూలు స్టూడియోవారి ముద్ర, దాని కింద పెన్సిలుతో ఒక నంబరు, అంతే.

మన వైపు ఆచారం మీకు తెలిసిందే. మగబిడ్డకైనా పుట్టు వెంట్రుకలు తీయించేముందు జడ వేసి, పూలు పెట్టి, ఆడపిల్ల వేషం కట్టి ఫోటో తీయిస్తారు. నాకు 1954లో శ్రీశైలంలో తల నీలాలు ఇచ్చారు. అప్పుడు మన ఆత్మకూరు నుంచి నాగలూటి మీదుగా అడవిలో నడిచి వెళ్లడమే. ఆ ప్రయాణానికి ముందు నాయన నన్ను కర్నూలుకు తీసుకువెళ్లి ఫోటో తీయించారని విన్నాను. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి.

నాకు రెండేళ్లు చిన్నదైన చెల్లెలు ఒకతె ఉండేది. 1957లో ఆమెకు అమ్మవారు పోసింది. వారం తిరగకుండానే పోయింది. అప్పటికి ఆమెకు అయిదో ఏడు. ఆమె గొంతు కొంచెం జ్ఞాపకం ఉంది గాని ముఖం జ్ఞాపకం లేదు. ఆమెకు కూడా ఒకసారి కర్నూలులో ఫోటో తీయించారని మా చిన్నమ్మ చెప్పేది.

కాబట్టి పెట్టెలో దొరికిన ఫోటోలోని బిడ్డ నేనా, నా చెల్లెలా? చెవులు చూసి నేనేనంటుంది నా భార్య. చూపు చూసి చెల్లెలే అనేది చిన్నమ్మ. ఒక్క మాటతో తేల్చగలిగిన అమ్మను ఆమె బతికి ఉండగా ఎన్నడూ అడగలేదు. ఆ ఫోటో ఉన్నట్టే నాకు తెలియదు.

ఈ గొడవ విని మా అల్లుడు సికింద్రాబాదు నుంచి పాత ఫోటోల పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. అందులో రాజా దీన్‌దయాళ్ స్టూడియోలో తీసిన పసివాళ్లను చూశాను. నూరేళ్లు దాటినా వాళ్లలో ఎందరికో పేర్లు ఉన్నాయి. ఎలా నిలిచాయా అని ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

జననం, చదువు, కొలువు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. ఆయన పుట్టడానికి అయిదేళ్ల ముందే, 1839లో, డాగరే అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన ఫోటో పద్ధతి లోకానికి వెల్లడైంది. అంటే ఆయనా ఫోటోగ్రఫీ ఇంచుమించు ఒక ఈడువారే. ఇంగ్లండులో విక్టోరియా రాణి గద్దెనెక్కి అప్పటికి కొద్ది ఏళ్లే అయింది.

ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివారు. ఇప్పటి రూర్కీ ఐ.ఐ.టి.కి మూలం అదే. 1866లో ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖ కార్యాలయంలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టబోయే వంతెనకో భవనానికో నక్షా గీయడం, ఎంత రాయి, ఎంత సున్నం, ఎన్ని కూలీలు పడతాయో అంచనా వేయడం ఆ పని. మన పి.డబ్ల్యు.డి.లో పనిచేసిన మిత్రులకు ఆ కుర్చీ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ముప్పయ్యో ఏట, 1874 ప్రాంతంలో, ఆయన కెమెరా పట్టారు. ఆఫీసు పని ఆఫీసు పనే, ఫోటోలు ఫోటోలే. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆయన్ను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫోటోలు తీసే అవకాశం కూడా ఆయనకు దక్కింది. 1882లో డాలీ తరువాతి అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ వైపు తిరిగి కోటలు, గుళ్లు ఫోటోలు తీశారు. వాటిలో 86 ఫోటోలతో గ్రిఫిన్ మధ్య భారత కట్టడాల మీద ఒక పుస్తకం వెలువరించారు.

1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ ఆయన్ను తన ఫోటోగ్రాఫరుగా నియమించారు. పని పెరిగింది. ఆయన ప్రభుత్వానికి దీర్ఘకాలిక సెలవు పెట్టారు. ఆ సెలవు తరువాత మళ్లీ కొలువు వైపు తిరగలేదు. నలభై దాటిన వయసులో, భార్యాబిడ్డలు ఉన్నవాడు, నెల తిరిగేసరికి వచ్చే జీతం వదులుకోవడం ఎంత కష్టమో మనకంటే తెలిసినవారెవరు? ఇరవై ఏళ్ల సర్వీసు తరువాత ఆయన ఆ సాహసం చేశారు.

సికింద్రాబాదులో స్టూడియో

1886 ప్రాంతంలో ఆయన సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. అప్పట్లో మన ఆత్మకూరు మద్రాసు రాజధానిలోది. సంగమేశ్వరం, సిద్ధేశ్వరం రేవుల దగ్గర కృష్ణ దాటితే అవతలి గట్టు కొల్లాపురం వైపు నిజాం రాజ్యం. ఆ రాజ్యాన్ని అప్పుడు ఏలుతున్నది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఏటి అవతలి మహబూబ్‌నగర్ ఆయన పేరిటే ఉంది. ఆయన కూడా 1869లో మూడేళ్లు నిండకుండానే గద్దెనెక్కిన పసివాడు. తెలివి రాకముందే నవాబు అయిన ఆ ప్రభువు పెద్దయ్యాక దీన్‌దయాళ్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుని పదవి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన పనితనాన్ని మెచ్చుకుంటూ ప్రభువు స్వయంగా ఒక పద్యం కూడా చెప్పారు. విక్టోరియా రాణి నుంచి సైతం ఆయనకు రాజముద్రతో గుర్తింపు వచ్చింది.

రాజభవనాలు, దర్బార్లు, పులివేటలు, సైన్యం కవాతులు, 1902లో లార్డ్ కర్జన్ హైదరాబాదు పర్యటన - ఇవన్నీ ఆయన తీశారు. వాటి గురించి పెద్ద పెద్ద పుస్తకాలే ఉన్నాయి. నా మాట ఆ స్టూడియోకు తల్లుల చేతులు పట్టుకుని వచ్చిన పిల్లల గురించి.

పసివాళ్ల ఫోటో అంటే మాటలా?

ఇప్పుడు మన మనవలు సెల్‌ఫోను తీసి క్షణంలో పది ఫోటోలు నొక్కుతున్నారు. ఆ రోజుల్లో ఒక పసిబిడ్డ ఫోటో ఎంత శ్రమో తెలియాలంటే అప్పటి పద్ధతి కాస్త చెప్పాలి.

1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు వెట్ ప్లేట్ పద్ధతి తెచ్చాడు. గాజు పలక మీద కలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పోసి, వెండి లవణం కలిపిన తొట్టిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. తీసిన వెంటనే చీకటి గదిలో కడగాలి. మన ఎండలకు ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? పైగా వెలుతురు పలక మీద పడవలసిన సమయం సెకన్లలో ఉండేది. అంతసేపూ ఎదుటివాడు కదలకూడదు. పెద్దవాళ్లకైతే మెడ వెనక కనబడకుండా ఇనుప ఊత పెట్టేవారు. పసివాడికి ఏ ఊత పెడతారు? తల కదిపితే ముఖం చెదిరిపోతుంది. ఆ కాలపు ఫోటోల్లో పిల్లలు నవ్వకపోవడానికి ఒక కారణం ఇదే. నవ్వును అంతసేపు నిలిపి ఉంచడం ఎవరి తరమూ కాదు.

ఇంగ్లండులో, అమెరికాలో ఇందుకో ఉపాయం చేసేవారు. తల్లి మీద దుప్పటో తెరో కప్పి కుర్చీలా కూర్చోబెట్టి, ఆమె ఒడిలో బిడ్డను పెట్టేవారు. ఫోటోలో బిడ్డ కనిపిస్తుంది, గుడ్డ కింద తల్లి ఆకారం లీలగా తెలుస్తుంది. అలాంటి ఫోటోలు ఈనాటికీ చాలా మిగిలాయి. ఇంకొక సంగతి చెబితే మనసుకు కష్టమే. అంటురోగాలతో పిల్లలు చటుక్కున పోయే కాలమది. బతికి ఉండగా ఫోటో తీయించలేకపోయిన తల్లిదండ్రులు, పోయిన బిడ్డను నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి తీయించుకునేవారు. ఆ బిడ్డకు అదే మొదటి ఫోటో, అదే చివరిది. మొదట చదివినప్పుడు వింతగా అనిపించింది. మా అమ్మ పెట్టె గుర్తుకొచ్చాక వింత అనిపించలేదు.

1871లో మాడాక్స్ అనే వైద్యుడు డ్రై ప్లేట్‌కు దారి చూపాడు. ఆ దశాబ్దం చివరికల్లా ఫ్యాక్టరీలో తయారై పెట్టెల్లో వచ్చే పొడి పలకలు బజారులో దొరకసాగాయి. వాటితో సెకనులో కొంత భాగంలోనే ఫోటో పూర్తయ్యేది. దీన్‌దయాళ్ మొదట తడి పలకలతోనే పని నేర్చుకుని, తరువాత పొడి పలకలకు మారారు. సికింద్రాబాదు స్టూడియో పెట్టేనాటికి పొడి పలకలు వచ్చేసి ఉండడం పసివాళ్ల అదృష్టం. ఇక బిడ్డను రాయిలా కూర్చోబెట్టనక్కరలేదు. ఒక చిన్న చప్పుడుకో, బొమ్మకో చూపు తిప్పిన క్షణం చాలు.

కరెంటు దీపాలు లేవు కనుక స్టూడియోలకు అద్దాల పైకప్పు, పెద్ద కిటికీలు ఉండేవి. వాటికి కట్టిన తెరలు లాగుతూ వెలుతురును తగ్గించడం, పెంచడం ఒక విద్య. ముఖంలో ఒక పక్క వెలుగు, ఒక పక్క మెత్తని నీడ పడాలి. వెనక రంగు తెర, ముందు చెక్కిన కుర్చీ, బల్ల, పూలకుండీ, పిల్లలకైతే ఆట వస్తువు. మన కర్నూలు స్టూడియోలో 1950లలో కూడా ఉన్న మేడమెట్ల తెర ఆ విక్టోరియా కాలం నుంచి వచ్చినదే. నెగటివు మీద సన్నని పెన్సిలుతో ముఖంలోని మచ్చలు సరిదిద్దేవారు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఎండలో ప్రింటు వేసి, అట్టకు అతికించి ఇచ్చేవారు. ఆ పాత ఫోటోలకు ఉన్న గోధుమరంగు అక్కడిదే.

ఆ స్టూడియోకు వచ్చిన పిల్లలు రెండు లోకాలవారు. ఒకటి కంటోన్మెంటులోని ఇంగ్లీషు అధికారుల పిల్లలు. తెల్లని లేసు గౌన్లు, ముడి వేసిన రిబ్బన్లు. మగపిల్లలకు కూడా నాలుగైదేళ్ల వరకు గౌన్లే తొడిగేవారు కనుక చాలా ఫోటోల్లో ఆడో మగో చెప్పలేము. ఇది చదివినప్పుడు మన పూలజడ గుర్తుకొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఏడేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల్ని చదువుకని ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేవారు. తల్లిదండ్రులు మళ్లీ ఎన్నేళ్లకు చూస్తారో తెలియదు. అలా పంపే ముందు తీయించిన ఫోటోయే ఆ తల్లికి బిడ్డ. పంపకముందే కలరాకో జ్వరానికో పోయిన పిల్లల సమాధులు మన దేశంలోని ప్రతి పాత కంటోన్మెంటు శ్మశానంలోనూ వరుసగా ఉన్నాయి.

రెండవది హైదరాబాదు నవాబుల, జాగీర్దారుల పిల్లలు. జరీ షేర్వానీ, తలపాగా, మెడనిండా ముత్యాలు, పసి చేతికి మించిన కత్తి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కూడా చిన్న వయసులో ఆ కెమెరా ముందు నిలబడ్డవారే. దర్జా దుస్తుల్లో ఉంటుంది. కళ్లలో మాత్రం, ఇదంతా ఎప్పుడు అయిపోతుంది, ఎప్పుడు ఆడుకోవడానికి పోదాం అన్న పసితనం ఉంటుంది. ఆ కళ్లను చెదరనివ్వకుండా పట్టడమే దీన్‌దయాళ్ గొప్పతనమని నాకు తోస్తుంది.

ఘోషా స్త్రీలకు వేరే స్టూడియో

పెద్ద ఇళ్ల స్త్రీలు పరాయి మగవాడి ముందుకు రారు. తల్లి రానప్పుడు ఒడిలోని బిడ్డ కూడా రాదు. దీన్‌దయాళ్ దీనికి ఒక దారి ఆలోచించారు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఎవరూ తొంగిచూడకుండా చుట్టూ ఎత్తయిన గోడలు. దాని నిర్వహణ ఒక పత్రికా రచయిత భార్య అయిన శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. పరదాల బండిలో వచ్చిన తల్లి అక్కడ నిర్భయంగా తెర తీసి, బిడ్డను పక్కన పెట్టుకుని ఫోటో తీయించుకోవచ్చు. నూట ముప్పై ఏళ్ల కిందట ఒక మగవాడు ఈ ఆలోచన చేశాడంటే, ఇళ్లలో తల్లుల మనసు ఆయనకు తెలిసి ఉండాలి.

మా ట్రెజరీ అనుభవం ఒకటి ఇక్కడ చెప్పాలి. పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫోటో కావాలని మీకు తెలుసు. నేను ఆ కాగితాలు చూసే రోజుల్లో, పల్లెల నుంచి వచ్చిన ఎందరో అమ్మలకు అదే జీవితంలో మొదటి ఫోటో. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని కొందరు భయపడేవారు. ఒక అటెండరుగారి భార్య ఫోటోలో తల వంచుకునే ఉంది, ముఖం కనబడలేదు. మళ్లీ తీయించుకు రమ్మన్నాను. రెండేళ్ల తరువాత ఆయన పోతే, ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చినప్పుడు ఆమెను గుర్తుపట్టింది ఆ రెండో ఫోటోతోనే. ఆ రోజు ఆమె ఆ కాగితం మీద భర్త ముఖాన్ని వేలితో తడుముతూ చాలాసేపు నిలబడింది. ఇంట్లో ఆయన ఫోటో వేరేది లేదని చెప్పింది. నా కౌంటరు దగ్గర క్యూ పెరుగుతున్నా తొందరపెట్టలేకపోయాను.

నంబరు వేసిన మనిషి

ఇప్పుడు నేను వెతుకుతూ వెళ్లిన ప్రశ్నకు వస్తాను. దీన్‌దయాళ్ ఫోటోల్లో అడుగున చూస్తే చాలావాటికి చిన్న తెల్లని అంకెలు కనిపిస్తాయి. నెగటివు పలక మీదే నల్ల సిరాతో నంబరు వేస్తే ప్రింటులో తెల్లగా పడుతుంది. ఒక పలకకు ఒక నంబరు. పదేళ్ల తరువాత ఎవరైనా వచ్చి ఆ నంబరు చెబితే, పలక వెతికి మళ్లీ ప్రింటు వేసి ఇవ్వవచ్చు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్, పదుల సంఖ్యలో పనివారు ఉన్న పెద్ద సంస్థ అది. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. ఇన్ని చోట్ల, ఇన్ని వేల పలకల మధ్య ఒక ముఖం దొరకాలంటే నంబరు లేనిదే సాగదు.

ఈ అలవాటు ఇండోరు ఆఫీసు బల్ల దగ్గర అబ్బిందేనని నా నమ్మకం. ఎస్టిమేటు వేసినవాడికి ప్రతి నక్షాకు నంబరు ఉండాలని తెలుసు. ఉద్యోగం వదిలిపెట్టినా గుమాస్తా బుద్ధి వదిలిపెట్టలేదు. మనల్ని లోకం ఎంత ఎగతాళి చేసినా, కళాకారుడైన దీన్‌దయాళ్ తీసిన ముఖాలకు ఊరూ పేరూ నిలిపింది మాత్రం ఆయనలోని గుమాస్తాయే. ఇది రాసేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంది, మన్నించండి.

చివరి రోజులు

1903 ఢిల్లీ దర్బారు దాకా ఆయన సంస్థ వెలుగుతూనే ఉంది. 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయాడు. తండ్రి ఆ మరుసటి ఏడే, 1905 జూలైలో, బొంబాయిలో కన్నుమూశారు. ఆయనకు అరవై ఒకటో ఏడు. ఎందరో తల్లిదండ్రులకు బిడ్డల ముఖాలు మిగిల్చిన మనిషికి ఎదిగిన కొడుకు ముఖం ఫోటోలోనే మిగిలింది. ఆ ఒక్క ఏడాది ఆయన ఎలా గడిపారో, బిడ్డను పోగొట్టుకున్నవారు ఊహించుకోగలరు.

జ్ఞాన్‌చంద్ కొంతకాలం వ్యాపారం నడిపించారు. తరువాత పాత వైభవం తగ్గింది. అయినా కుటుంబంవారు గాజు పలకలను పారేయలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిలో 2,857 పలకలను తీసుకుని భద్రపరచింది. 2006లో మన తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

కర్నూలు వెళ్లాను

ఇదంతా చదివాక నాకు ఒక ఆశ పుట్టింది. మా ఫోటో వెనక కూడా నంబరు ఉంది కదా. స్టూడియోవారి పుస్తకం దొరికితే, ఆ నంబరుకు ఎదురుగా మా నాయన పేరు, తేదీ ఉంటాయి. 1954 అయితే నేను. 1956 అయితే చెల్లెలు. ఇంత సులభమైన లెక్క మరొకటి లేదనుకుని, మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి కర్నూలు వెళ్లాను.

స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఆ కుటుంబంవారిని విచారించి పట్టుకున్నాను. మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. పాత పలకలన్నీ కడిగి గాజుగా అమ్మేశామని, కొన్ని కిటికీలకు బిగించామని చెప్పారు. వాళ్లను తప్పుపట్టలేను. కొత్త గాజు ఖరీదైన రోజుల్లో చాలాచోట్ల అలాగే చేశారు. పుస్తకాలు ఏమయ్యాయని అడిగాను. చెదలు పట్టాయన్నారు. లేచి వస్తూ వాళ్ల వసారా కిటికీ అద్దం వైపు ఒకసారి చూశాను. శుభ్రంగా ఉంది, అవతలి వేపచెట్టు కనిపిస్తోంది.

నంబరు ఒక్కటే చాలదు. నంబరుకు పుస్తకం ఉండాలి, పుస్తకానికి దాచే మనిషి ఉండాలి. మూడింటిలో ఏది పోయినా ముఖం అనాథ అవుతుంది. దీన్‌దయాళ్‌కు మూడూ కుదిరాయి. మా చెల్లెలికి కుదరలేదు.

మిత్రులకు ఒక మనవి

మనందరి ఇళ్లలోనూ పెట్టెల్లో, పాత ఆల్బముల్లో, గోడకు వేలాడే ఫ్రేముల వెనక పాత ఫోటోలు ఉన్నాయి. వాటిలో ఎవరెవరున్నారో ఈనాడు చెప్పగలిగినవాళ్లం మనమే. మన తరువాత మన పిల్లలకు తెలియదు. ఇప్పుడు సెల్‌ఫోను మన ముఖం చూసి బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చే రోజులు వచ్చాయి. కాని ఆ సెల్‌ఫోను మన అవ్వ ముఖాన్ని గుర్తుపట్టదు.

కాబట్టి ఒక మధ్యాహ్నం తీరిక చేసుకోండి. మెత్తని పెన్సిలు తీసుకుని ప్రతి ఫోటో వెనకా, గట్టిగా నొక్కకుండా, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు గీత పడుతుంది. తెలియనివాటి గురించి, మీకంటే పెద్దవారు ఉంటే ఈ వారంలోనే వెళ్లి అడగండి. వచ్చే పండక్కు అడుగుదామనుకోకండి. మా చిన్నమ్మ కూడా పోయిన ఏడు దాటిపోయింది.

మా ఫోటో వెనక నేను కూడా రాశాను. ఆఫీసులో తేలని ఫైలు మీద రాసినట్టు ఉన్నది ఉన్నట్టు రాశాను. ఈ బిడ్డ అన్న కావచ్చు, చెల్లెలు కావచ్చు అని రాసి, మా ఇద్దరి పేర్లూ, 1954, 1956 అని రెండు సంవత్సరాలూ వేశాను. కింద నా సంతకం, తేదీ పెట్టాను. ఆ తరువాత ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి, అమ్మానాయనల ఫోటో పక్కన పెట్టాము. మా మనవరాలు దాన్ని చూసి ఎవరని అడిగితే, ఆమె నాయనమ్మ ఇంకా మీ తాత అనే చెబుతోంది. నేను మాత్రం మా చెల్లెలు అని చెబుతున్నాను.



- ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి, ఆత్మకూరు